ఆగిందా, పోతాండాదా

లహరి చేసే ఉద్యోగం ఏమిటో కుందుర్పిలో సరిగ్గా తెలిసిన మనిషి లహరి ఒక్కతే. మిగతా ఊరికి ఆమె తండ్రి మల్లికార్జున చెప్పినంతే తెలుసు. ఆయన ముప్పై మూడేళ్లు తపాలా ఉద్యోగం చేసి సబ్‌పోస్టుమాస్టరుగా రిటైరైన మనిషి. ఏది చెప్పినా ముద్ర గుద్దినట్టు చెబుతాడు.

"కంప్యూటర్లో ఈ ఊర్నుంచి ఆ ఊరికి ఫైళ్లు పోతాంటాయప్పా. ఒగోసారి దావలో నిలబడిపోతాయి. ఆగిందా, పోతాండాదా అని మా పాప కనిపెడతాది."

"కనిపెట్టి?"

"చెప్తాది."

"అది చెప్పేదానికి జీతమిస్తారా?"

"నెలనెలా."

వారం తిరక్కుండా ఆ ఇంటికి ఒక ఆగిపోయిన గోడ గడియారం, ఒక మిక్సీ వచ్చాయి. మల్లికార్జున కాదనలేక రెండూ తీసుకుని లోపల పెట్టాడు. మిక్సీని ఆయన భార్య సరళ బాగుచేసింది. గడియారం మటుకు ఇంకా అక్కడే ఉంది.

అసలు సంగతి ఇది. లహరి బెంగుళూరులోని ఒక చిన్న కంపెనీకి ఇంట్లోంచే పనిచేస్తుంది. పెళ్లి వీడియోలు, ఎక్స్‌రేలు, పొలం సర్వే పటాలు, ఇలాంటి బరువైన ఫైళ్లను ఒకచోటి నుంచి ఇంకోచోటికి పంపే సాఫ్ట్‌వేరు వాళ్లది. పంపేవాడి తెరమీద ఒక పచ్చగీత నిండుతూ పోతుంది. అది ఎనభై మూడు శాతం దగ్గర ఆగితే, ఊపిరి తీసుకుంటోందో ప్రాణం విడిచిందో ఎవరికీ తెలియదు. జనం దాన్ని ఆస్పత్రిలో మంచం పక్కన కూర్చున్నట్టు చూస్తూ కూర్చుంటారు. ఫ్యాను గాలికి చెదురుతుందేమో అని ఫ్యాను ఆపేసేవాళ్లు కూడా ఉన్నారు. గంట తర్వాత ఓపిక చచ్చి, ఆపేసి, మళ్లీ సున్నా నుంచి మొదలుపెడతారు. ఈ కూర్చుని చూసే పని మనిషికి తప్పించి ప్రోగ్రాముకు అప్పజెప్పడం లహరి పని.

బెంగుళూరులో ఆమె టీమ్ లీడరు ఒక నియమం చెప్పాడు. ముప్పై సెకన్లు ఏమీ కదలకపోతే ఆగినట్టే లెక్క, తెంచేసి మళ్లీ మొదలుపెట్టు. ఆ నియమం బెంగుళూరులో దివ్యంగా పనిచేసింది. కుందుర్పిలో ముప్పై సెకన్లలో ఏదీ జరగదు. "కాఫీ తాగుతావా" అని అడిగితే "వద్దులే" అనడానికే ముప్పై సెకన్లు పడుతుంది, "సరే, కొంచెం పొయ్యి" అనడానికి ఇంకో ముప్పై. ఇక్కడ ఫైలు కూడా ఊరి పద్ధతిలోనే పోయేది. కొంత పోయి, నిలబడి, అటూ ఇటూ చూసి, మళ్లీ కదిలేది. ప్రోగ్రాము దాన్ని చచ్చిందని ప్రకటించి మొదటి నుంచి పంపేది. ఒక పెళ్లి వీడియోను అలా నలభై ఒక్కసార్లు పంపింది. పెళ్లికొడుకు నలభై ఒక్కసార్లు మండపంలోకి వచ్చాడు గానీ ఒక్కసారీ తాళి కట్టలేదు.

లహరి ముప్పై సెకన్లను అయిదు నిమిషాలు చేసింది. అప్పుడు నిజంగా చచ్చినవి కూడా అయిదు నిమిషాల పాటు బతికున్నవాటి మర్యాదలు పొందాయి. రెండూ కాదని రెండు నిమిషాలు పెడితే రెండు రకాల తప్పులూ చేసింది. సరైన అంకె కోసం ఆమె నెలరోజులుగా వెతుకుతోంది.

ఇంట్లో ఇంకొకటి కూడా ఆగి ఉంది. లహరి సంబంధం.

పంతొమ్మిది రోజుల కిందట ఒక ఆదివారం మడకశిర నుంచి రెండు బస్సులు మారి పెళ్లిచూపులకు వచ్చారు. అబ్బాయి ఓబులేష్, పట్టుపరిశ్రమ శాఖలో టెక్నికల్ అసిస్టెంటు. తల్లి సుంకమ్మ, తండ్రి తిమ్మన్న. సుంకమ్మ ఇద్దరి మాటలూ తనే మాట్లాడుతుంది, తిమ్మన్న తల ఊపుతాడు. ఆ ఏర్పాటు ముప్పై ఏళ్లుగా నడుస్తున్నట్టు చూడగానే తెలుస్తుంది.

సరళ నాలుగేళ్లలో మొదటిసారి సోఫా మీది ప్లాస్టిక్ కవరు తీసింది. అద్దాల బీరువాలో తప్ప ఎక్కడా ఉండని కప్పులు బయటికొచ్చాయి. నీళ్ల ట్యాంకరు ముందు రోజే రావడంతో గుమ్మం ముందు రోడ్డు కూడా కడిగించింది. ఉప్మా, మిరపకాయ బజ్జీ, కేసరిబాత్ చేసింది. కేసరిబాత్ ఓబులేష్ రెండుసార్లు పెట్టించుకున్నాడు, సుంకమ్మ మూడుసార్లు. గిన్నె ఎప్పుడు చూపించినా తిమ్మన్న తల ఊపాడు.

వాళ్లు వెళుతుంటే సుంకమ్మ చెప్పులేసుకుంటూ, "వస్తాము వదినా. మీరూ రాండి," అంది. అందరూ అనేదే అది.

తలుపు వేశాక సరళ తన తీర్పు చెప్పింది. "పాపం, శానా ఆకలి మీద వచ్చినట్టుండారు."

"పొద్దున్నే బయలుదేరింటారు," అని మల్లికార్జున ఒప్పుకున్నాడు.

మధ్యలో పదినిమిషాలు పిల్లలిద్దర్నీ మిద్దె మీదికి పంపారు. నల్ల నీళ్లట్యాంకు నీడలో నిలబడి ఓబులేష్ అడిగాడు, ఏం పని చేస్తారని. లహరి చెప్పింది. ఇంతకుముందు చూడవచ్చిన వాళ్లంతా ఈ మాట విన్నాక జీతమెంతని అడిగారు. ఇతను మటుకు, "కదల్లేదని ఎన్ని సెకన్లు చూస్తారు?" అన్నాడు.

"ముప్పై."

"తక్కువ," అన్నాడు, తన సొంత ఫైలు గురించి చెబుతున్నట్టు. "మా పట్టుపురుగులూ అంతే. ఆకు తింటా తింటా ఉన్నట్టుండి నిలబడిపోతాయి. తలకాయ పైకెత్తుకోని, కదలవు, మెదలవు. మేము జ్వరమంటాము. జ్వరమేమీ కాదు, పొర విడిచేదానికి కూచుంటాయి. కొత్తగా పెంచే రైతు బెదిరిపోయి ఫోన్ చేస్తాడు, సార్, అన్నీ సచ్చిపోయినాయని. ఒకాయన నాకు ఫోన్ కూడా చేయకుండా దిబ్బలో పారబోసె."

"ఎంతసేపుంటాయి అట్ల?"

"ఎన్నో జ్వరమో చూడల్ల. మొదటిదైతే ఒగ దినం. నాలుగోదైతే దినమున్నర. సలికాలం ఇంగా లేటు."

"సచ్చినాయో కూచున్నాయో యట్ల తెలుస్తాది మరి?"

"ముందు యట్ల తింటాండె, యట్ల నిలబడె అని గుర్తు పెట్టుకోనుంటే తెలుస్తాది. ఊరికే గడియారం చూస్తే తెలీదు." తర్వాత కొంచెం సిగ్గుపడి, "జ్వరం వీడియో ఉండాది, పంపిస్తా," అని ఆమె నంబరు తీసుకుని మిస్డ్‌కాల్ ఇచ్చాడు.

లహరి ఆ నంబరును 'పట్టు' అని దాచుకుంది. ఇరవై ఏడేళ్ల జీవితంలో ఒక మగవాడు తన పని గురించి రెండో ప్రశ్న అడగడం అదే మొదటిసారి. అతను నచ్చాడని ఆమెకు మెట్లు దిగుతుండగానే తెలిసింది. అది చెప్పడానికి అవతలి నుంచి ఒక మాట వస్తే చాలనుకుంది.

మాట రాలేదు. వీడియో కూడా రాలేదు.

ఆ ఇంట్లో సెల్లుకు సిగ్నలు దొరికేది వంటింటి కిటికీ గట్టు మీద, ఊరగాయ జాడీ పక్కన మాత్రమే. మల్లికార్జున ఫోను అక్కడే కాపురం పెట్టింది. ఫోను మోగిన వెంటనే ఎత్తితే దానికోసమే కూర్చున్నామనుకుంటారని ఆయన నాలుగో మోతకు ఎత్తాలని నిర్ణయించాడు. మూడు మోతలు గొంతు సవరించుకోవడానికి సరిపోయేవి.

"హలో, మల్లికార్జున స్పీకింగ్."

"సార్, మీకు క్రెడిట్ కార్డు..."

"వద్దమ్మా."

మూడో రోజు సరళ వాళ్లకు మంచిరోజు కుదరలేదేమో అంది. ఏడో రోజు వాళ్ల బంధువుల్లో ఎవరో పోయుంటారంది. పదకొండో రోజు పాప అబ్బాయికన్నా ఎత్తుగా కనబడిందేమో అంది. పద్నాలుగో రోజుకు తప్పంతా మిరపకాయ బజ్జీదే అని తేలింది.

"మనమే ఒగ మాట అడిగితే ఏం పోతాదండీ?"

"ఆడపిల్ల వాళ్లము సరళా," అన్నాడు మల్లికార్జున. "రిజిస్టరు ఉత్తరం పంపినోడు అందిందా, అందిందా అని వెంటపడడు. అందినోడు సంతకం పెట్టి కార్డు ఎనక్కి పంపల్ల. అది పద్ధతి."

"కార్డు రాకపోతే?"

"ఫిర్యాదు రాయొచ్చు. దానికీ ఒగ నెల ఆగల్ల."

నెల ఆగడానికి పెద్దక్క ఒప్పుకోలేదు. ఈమె మల్లికార్జునకు అక్క, విడపనకల్లులో ఇచ్చారు. తమ్ముడి ఇంట్లో ఏ పని జరిగినా తను లేకుండా జరిగితే అది జరిగినట్టు కాదని ఆమె నమ్మకం. పెళ్లిచూపుల రోజు మోకాళ్ల నొప్పితో రాలేకపోయింది కాబట్టి ఆ పెళ్లిచూపుల మీద ఆమెకు మొదటి నుంచీ సదభిప్రాయం లేదు. పదిహేడో రోజు బస్సు దిగి, చేతిసంచిలోంచి ఒక ఫోటో తీసి టీపాయి మీద పెట్టింది.

"మా ఆయన పక్క పిల్లోడు. బళ్లారిలో పండ్ల డాక్టరు. శుక్రవారం మంచిదినం, మాట ఇచ్చేద్దాం. మడకశిర వాళ్ల కోసం ఇంగెన్ని దినాలు కిటికీలో దేవులాడతావురా?"

"అక్కా, ఇంగో రెండు దినాలు..."

"ఆ రెండు దినాలే నేనూ చెప్తాండేది. శుక్రవారం లోపల వాళ్లు ఫోన్ చేసినారా, సరే. లేకపోతే బళ్లారికి ఊ అను."

మల్లికార్జున ఊ అన్నాడు. పండ్ల డాక్టరు ఫోటోలో నోరు మూసుకుని ఉన్నాడు. సరళ దాన్ని వెలుతురుకు పెట్టి చాలాసేపు చూసి, "పండ్లు కనపడల్యా," అంది.

ఈ మాటలన్నీ లహరి కాఫీ గ్లాసులు పంచుతుండగా ఆమె తలమీదుగా నడిచాయి. ఆమె చెప్పాలనుకుంటే చెప్పొచ్చు. కానీ అవతలివాళ్లు వద్దనుకున్న అబ్బాయిని నాకు నచ్చాడంటే ఆ మాట ఆ ఇంట్లో జన్మంతా తిరుగుతుంది. అమ్మ బాధపడుతుంది, నాన్న పేపరు వెనక దాక్కుంటాడు, అత్త విడపనకల్లంతా చెబుతుంది. లహరి గ్లాసులు ఎత్తుకుని లోపలికి పోయి కంప్యూటరు ముందు కూర్చుంది.

గురువారం పొద్దున, అంటే పంతొమ్మిదో రోజు, ఆమెకు అంకె దొరికింది. దొరికిందనడం కన్నా, అక్కర్లేదని తెలిసింది. ప్రతి ఫైలుకూ ఒకే గడియారం పెట్టడమే తప్పు. ఈ ఫైలు ఇంతవరకు ఎలా పోయింది, ఎక్కడెక్కడ నిలబడింది, ఎంతెంతసేపు నిలబడి మళ్లీ కదిలింది, ఇది ప్రోగ్రాము గుర్తుపెట్టుకోవాలి. ఎప్పుడూ నలభై సెకన్లు నిలబడి కదిలే ఫైలు యాభై సెకన్లు నిలబడితే ఊరుకోవాలి. నిలబడే అలవాటే లేనిది యాభై సెకన్లు నిలబడితే అనుమానించాలి. అనుమానించినా తెంచకూడదు. అవతలికి ఒక చిన్న ప్రశ్న పంపాలి. 'నీకు ఆఖరుగా అందింది ఏది?' జవాబు వస్తే అక్కడి నుంచే కొనసాగించాలి. మూడుసార్లు అడిగినా జవాబు లేకపోతే అప్పుడు చచ్చిందనాలి.

పదకొండు గంటలకు పెళ్లి వీడియో మళ్లీ పంపింది. ఏడుసార్లు నిలబడింది, అయిదుసార్లు తనంతట తనే కదిలింది, రెండుసార్లు అడిగితే కదిలింది. పెళ్లికొడుకు ఒక్కసారే మండపంలోకి వచ్చాడు, ఒక్కసారే తాళి కట్టాడు. వీడియోలో ఎవరో ముసలాయన అక్షింతలు వేస్తుంటే లహరికి కళ్లు చెమర్చాయి. ఆ పెళ్లివాళ్లెవరో ఆమెకు తెలియదు.

హాల్లోంచి నాన్న గొంతు వినబడింది. రేపు బళ్లారికి చెప్పాల్సిన వాక్యాన్ని అక్కాతమ్ముళ్లు ముందే తయారుచేస్తున్నారు.

"'మాకు ఇష్టమే' అందామా అక్కా?"

"ఇష్టమంటే లోకువైపోతాము. 'సమ్మతమే' అను."

"సమ్మతమంటే కోర్టు కాగితం మాదిరి ఉండాది."

లహరి లేచి వంటింట్లోకి వెళ్లింది. సరళ పొయ్యి దగ్గర ఉంది. లహరి తన సెల్లు తీసుకుని కిటికీ గట్టు దగ్గర నిలబడి 'పట్టు' నంబరు తీసింది. పంతొమ్మిది రోజులుగా ఆమె ఆ పేరును చూసింది, మూసింది, మళ్లీ చూసింది. తన ప్రోగ్రాములో ఎవరైనా ఇలా రాస్తే తప్పు చూపించి వెనక్కి పంపేది. ఆమె టైపు చేసింది.

'నమస్తే. మీకు మావైపు నుంచి ఆఖరుగా అందింది ఏది?'

పంపాక ఇంకోసారి చదివితే తనకే అర్థం కాలేదు. తుడిచేద్దామనుకునేలోపు జవాబు వచ్చింది.

'కేసరిబాత్.'

దాని కింద ఇంకోటి. 'నాకు రెండుసార్లు. అమ్మకి మూడుసార్లు. నాయనది లెక్క తెలీదు.'

దాని కింద, 'మీరు ఎప్పుడు చెప్తారా అని చూస్తాండాము.'

లహరి గబగబా టైపు చేసింది. 'మేమా? చెప్పల్సింది మీరు గదా?'

'తిన్నాము గదండీ!'

ఆ తర్వాత టైపు చేసే ఓపిక లేక ఓబులేషే ఫోన్ చేశాడు. ఆమె మొదటి మోతకే ఎత్తింది.

"మా ఇండ్లల్లో ఒగటుండాదండీ," అన్నాడు, ఊపిరి తీసుకోకుండా. "సంబంధం నచ్చితేనే ఆడపిల్ల ఇంట్లో నోట్లో ఏమన్నా పెట్టుకుంటాము. లేదంటే నీళ్లు కూడా ముట్టము. మీకన్నా ముందు రెండిండ్లకి పోయి, రెండుసార్లూ బస్టాండులో దోసె తిని వచ్చినాము. మీ ఇంట్లో మా యమ్మ మూడోసారి ప్లేటు చాచినప్పుడు నాయన నా పక్క చూసి తలకాయ ఊపె. అయిపోయె అనుకున్నా. మీకు తెలీదా?"

"మేము ఆకలై తిన్నారనుకున్నాము," అంది లహరి.

"అయితే అమ్మ 'మీరూ రాండి' అనె గదా, మా ఇల్లు చూసేదానికి. అదీ తెలీదా?"

"అది... అందరూ అంటారు గదా పోయేటప్పుడు."

"రెండు ఆదివారాలాయె, ఇల్లంతా కడిగి ముగ్గేసి పెడతాండాది. ట్యాంకరు రాకపోతే బిందెలతో మోసుకొచ్చి కడిగె. మీకు మేము నచ్చలేదని మొన్న ఏడ్చె కూడా. నేనైతే మీరు నా వీడియో చూసి జవాబియ్యనప్పుడే..."

"ఏం వీడియో? రాలేదే?"

"ఆ మాపటికే పంపితి గదా! నా ఫోన్లో ఇంగా గుండ్రం తిరుగుతాండాది."

"పంతొమ్మిది దినాలుగానా?"

"ఊ."

"మరి ఏంటికి చూస్తా ఊరుకున్నారు?"

"జ్వరానికి కూచుందేమో అని ముట్టుకోలేదు," అన్నాడు ఓబులేష్ నిజాయితీగా.

లహరి నవ్విన నవ్వుకు సరళ పొయ్యి సిమ్‌లో పెట్టి వెనక్కి తిరిగింది.

హాల్లో 'సమ్మతమే' ఇంకా ఖరారు కాలేదు. లహరి నేరుగా వచ్చి తండ్రి ముందు నిలబడింది. ఎలా మొదలుపెట్టాలో తెలియక ఉన్నది ఉన్నట్టు చెప్పింది.

"నాయనా, మడకశిర వాళ్లు తిన్నారు."

"యాడ?"

"మనింట్లో. కేసరిబాత్."

"అవు, తిన్నారు. ఏం, కడుపునొప్పి వచ్చెనంటనా?"

పెద్దక్క మోకాళ్లకు రాస్తున్న నూనె సీసా పక్కన పెట్టింది. "ఉండురా. ఎవరు, ఏమి తిన్నారు?"

"ముగ్గురూ తిన్నారు వదినా," అంది సరళ, గరిటెతో సహా వచ్చి. "ఆయమ్మకి మూడుతూర్లు పెట్టినా."

"మూడుతూర్లా?" పెద్దక్క తమ్ముడి వైపు తిరిగిన తిరుగుడుకు ఆయన కుర్చీలో కొంచెం వెనక్కి జరిగాడు. "ఒరే, ఇది ఇన్ని దినాలు చెప్పకుండా ఏం చేస్తాండావు? ఆ పక్కోళ్లు కుదరందే మంచినీళ్లు ముట్టరురా! మూడుతూర్లు తినిందంటే తాంబూలాలు పుచ్చుకున్నట్టే."

"నువ్వు అడగల్యా గదక్కా."

"మోకాళ్లు పట్టుకోని పండుకున్నదాన్ని, మీ ఇంట్లో ఎవరెవరు ఏమేమి తినిరని ఫోన్ చేసి అడగల్లనా? ఏంరా, ఇరవై అయిదేండ్లు గుంతకల్లు, అనంతపురం తిరిగి ఇట్లాంటి పద్ధతులన్నీ తపాలా పెట్టెలో వేసి వస్తివా?"

మల్లికార్జునకు అప్పుడు ఇంకో అనుమానం వచ్చింది. "అయినా పాపా, ఇదంతా నీకెట్ల తెలిసె?"

"అడిగినా నాయనా."

"ఎవర్ని?"

"ఆయప్పనే. మెసేజి పెట్టినా."

మల్లికార్జున కళ్లజోడు తీశాడు, చూశాడు, పెట్టుకున్నాడు. ఆడపిల్ల, పెళ్లి కాకముందే, తనంతట తనే అని మొదలయ్యే ఒక వాక్యం ఆయన గొంతు దాకా వచ్చి అక్కడ నిలబడింది. బయటికి మాత్రం వేరేది వచ్చింది.

"అంటే... ఆయమ్మ ఆ పొద్దే సంతకం పెట్టి కార్డు చేతికిచ్చి పోయింది."

"అవు నాయనా."

"ముప్పై మూడేండ్లు. ఒగ కార్డు పోగొట్టినా అనిపించుకోలేదు." ఆయన టీపాయి మీది బళ్లారి ఫోటో చేతిలోకి తీసుకున్నాడు. "నా బిడ్డదే చూసుకోకపోతి."

లహరి ఆయన కుర్చీ పక్కన కింద కూర్చుంది. ఏం చేయాలో తెలియక ఆయన చేతిలోంచి బళ్లారి ఫోటో తీసుకుంది. దాన్ని పెద్దక్క లాక్కుని సంచిలో వేసేసింది.

"తిని పోయినోళ్లని తప్పిస్తే నాకు మంచిది కాదు. పండ్ల డాక్టరికేమప్పా, నోట్లో పండ్లున్న పిల్ల ఎవరైనా సరిపోతాది. లెయ్యి, ఫోన్ చెయ్యి."

నలుగురూ వంటింట్లోకి వెళ్లారు. మల్లికార్జున గొంతు సవరించుకుని, నంబరు నొక్కి, స్పీకరు పెట్టి, ఫోన్ను గట్టు మీద పెట్టాడు. అవతల తిమ్మన్న ఎత్తాడు.

"ఆ."

"తిమ్మన్నగారూ, బాగుండారా?"

జవాబు లేదు. అవతల ఆయన తల ఊపి ఉంటాడు.

"వానలెట్లుండాయి మీ పక్క?"

"మోడం ఉండాది."

"పడిందా?"

"లేదు."

"ఈడా అంతే. మోడం వస్తాది, చూస్తాది, పోతాది." మల్లికార్జున సరళ వైపు చూశాడు. సరళ, అడగండి అని కళ్లతో చెప్పింది. "చెనిక్కాయ వేసినారా?"

"విత్తనం తెచ్చి పెట్టినాం."

"పెట్టుకోవల్ల, పెట్టుకోవల్ల."

చెనిక్కాయ తర్వాత గాలి, గాలి తర్వాత ఎండ, ఎండ తర్వాత మళ్లీ మోడం. ఆరు నిమిషాల నలభై సెకన్లు గడిచాయి. ఇద్దరు మర్యాదస్తులు, మధ్యలో ఒక మాట, ఆ మాటను అవతలివాడు ముందు అంటే బాగుండునని ఇద్దరూ వేచి చూస్తున్నారు. లహరి ఫోను మీద సెకన్లు చూస్తూ నిలబడింది. ఈ లైను అలవాటు ఏమిటో ఆమెకు తెలియదు.

"సరే అయితే తిమ్మన్నగారూ," అన్నాడు మల్లికార్జున ఓడిపోయిన గొంతుతో, "ఉంటా మరి..."

"ఉండండి!" సరళ గరిటె పక్కన పడేసి ఫోను చేతిలోకి తీసుకుంది. "వదిన ఉండాదా ఆడ?"

అవతల కూడా ఏదో పెనుగులాట వినబడింది. "ఇటియ్యి ఆ ఫోను! నువ్వు ఈడ తలకాయ ఊపితే వాళ్లకాడ కనపడతాదా? హలో, వదినా!"

"వదినా, తప్పైపాయె. మీరు తినింది మాకు అర్థం కాలేదు. ఆకలై తిన్నారనుకుంటిమి."

"ఆకలైతే మాత్రం మూడుతూర్లు తింటానా వదినా? నాకు సక్కెర జబ్బు!"

పెద్దక్క ఫోనుకు దగ్గరగా జరిగింది.

"మొదటిది సంబంధానికి తిన్నా," అంది సుంకమ్మ. "మీ మొగాల్లో ఏం కదలిక లేదు. కనపడలేదేమో అని రెండోది తిన్నా. అప్పటికీ ఏం లేదు. మూడోదానికి కండ్లు తిరిగె. బస్సులో మాత్ర మింగితి. డాక్టరు తిట్టె."

"అయ్యో వదినా! చెప్పకూడదా?"

"చెప్తారా యాడన్నా? తింటారు గానీ!"

పెద్దక్క గోడ పట్టుకుని, "చూస్తివా," అని తమ్ముడి వీపు మీద ఒకటి వేసింది.

"పోనీలే, ఇప్పుడన్నా తెలిసె," అంది సుంకమ్మ. "ఈ ఆదివారం రాండి. సరే గానీ వదినా, పాప ఉండాదా ఆడ?"

సరళ ఫోన్ను కూతురి వైపు జరిపింది.

"ఉన్నానండీ," అంది లహరి.

"ఏమ్మా, మేము తిని చెప్పితిమి. మీ వాళ్లు ఆదివారం వచ్చి చెప్తారు. నిన్నెవరన్నా అడిగినారా? మా వోడు నీకు నచ్చినాడా, లేదా? నచ్చకపోతే ఇప్పుడే చెప్పు తల్లీ. ఎవరూ ఏమీ అనుకోరు. నేను తినిందాని గురించి నువ్వు పట్టించుకోవద్దు."

సరళ మల్లికార్జునను చూసింది. మల్లికార్జున ఊరగాయ జాడీని చూశాడు. నిజమే, ఈ పంతొమ్మిది రోజుల్లో మంచిరోజుల గురించి, ఎత్తు గురించి, మిరపకాయల గురించి మాట్లాడుకున్నారు. ఈ ప్రశ్న ఎవరి నోటా రాలేదు. ఇప్పుడు లహరి, తండ్రి ముందు, అత్త ముందు, స్పీకరులో, అవతల ఓబులేష్ పక్కనే నిలబడి వింటున్నాడని తెలిసీ, ఆ మాట అనాలి.

"నచ్చినాడత్తా," అంది.

అవతల ఎవరో గట్టిగా ఊపిరి వదిలారు. అది సుంకమ్మది మాత్రం కాదు.

"అంతేనమ్మా, ఇంగేం లేదు," అంది సుంకమ్మ. "ఉంటా. ఇల్లు కడగల్ల."

ఫోను పెట్టేశాక మల్లికార్జున చెయ్యి జాపి కూతురి తల మీద పెట్టి, ఎందుకు పెట్టాడో మర్చిపోయినట్టు తీసేశాడు. తర్వాత తన మామూలు గొంతుతో, ఆదివారం మొదటి బస్సు ఎన్ని గంటలకో కనుక్కోవాలన్నాడు. సరళ తన పట్టుచీర ఇస్త్రీ కంటే ముందు అక్కడ ఏమేమి పెడితే ఏమేమి అర్థమో ఒక కాగితం మీద రాయించుకుంటే మంచిదంది.

"కాగితమూ వద్దు, గీగితమూ వద్దు," అంది పెద్దక్క, నూనె సీసా సంచిలో సర్దుకుంటూ. "నేనూ వస్తా."

"నీ మోకాళ్లు అక్కా?"

"పోనీరా మోకాళ్లు. మిమ్మల్ని ఒంటిగా పోనిస్తే ఆడ ఏమి చూసి ఏమి అర్థం చేసుకోని వస్తారో, ఎవరికి తెలుసు?"